మెదడుని ఎవరూ అడగలేదు

“కాఫీ ఎన్నింటికి ఇచ్చావు?”

“పదకొండుకమ్మా.”

“పదకొండయ్యాకా, అవబోతుండగానా?”

టెక్నీషియన్ కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. చేతులకి బేడీలు, పక్కన కానిస్టేబుల్, ఎదురుగా ఇరవై ఏళ్లుగా తనే తుడుస్తూ వచ్చిన ల్యాబు బల్ల. ఆ బల్ల మీద ఇప్పుడు పోలీసులు సుద్దముక్కతో గీతలు గీసి పాడుచేశారు.

“రెండు నిమిషాలు తక్కువ పదకొండు,” అన్నాడు చివరికి.

“అది చెప్పడానికి ఇంతసేపా!” అని అడిగినామె నోటుబుక్కులో రాసుకుంది.

ఆమెని అందరూ గడియారం అంటారు. ఎదుటపడి కూడా అలాగే అంటారు, ఆమె ఏమీ అనుకోదు. ఏ బండి ఏ నిమిషానికి ఏ స్టేషన్ దాటిందో రాస్తూ రైల్వే కంట్రోల్ రూములో ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి. డిటెక్టివ్ పనిలోకి దిగాక కూడా ఆ జబ్బు వదల్లేదు. ‘సుమారుగా’ అన్న మాట వింటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇవాళ ఆ మంట పొద్దున్నుంచీ నెత్తి మీదే ఉంది. సోమవారం, మధ్యాహ్నం రెండూ ఐదు. నాలుగింటికి ఆసుపత్రిలో ఒక సైంటిస్టుకి ఊపిరి పోస్తున్న యంత్రాన్ని ఆపేస్తారు. శుక్రవారం ఇదే ల్యాబు బయట, వరండాలో, కాఫీ తాగుతూ కుప్పకూలిన మనిషి ఆమె. మెదడు చచ్చిపోయిందని డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి మరీ తేల్చారు. ఆమెకున్నది ఒక్క చెల్లెలు, స్కూలు బస్సు నడుపుతుంది. సంతకం పెట్టాల్సింది ఆ పిల్లే. “అక్క ఎలాగూ దక్కదు. ఎవడు చేశాడో అది తేల్చండి చాలు,” అని శనివారం వచ్చి గడియారం చేతులు పట్టుకుంది. నాలుగయ్యేలోపు హంతకుడి పేరు చెప్తే ఆ సంతకమైనా కాస్త ధైర్యంగా పెట్టగలనంది.

“ఇంకా ఏం అడుగుతారు గడియారం గారూ?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గర నుంచి. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూస్తేనే ఆమెకి ఒళ్లు మండుతుంది. “రెండు నిమిషాలు తక్కువ పదకొండుకి కాఫీ. పదకొండూ ఎనిమిదికి మనిషి పడిపోయింది. తాగిన కాఫీ ముక్కులోంచి వచ్చింది. కాఫీ ఇచ్చింది వీడు. విషాల ఫ్రిజ్ తాళం వీడి దగ్గర. చంటిపిల్లాడైనా చెప్తాడు.”

“చంటిపిల్లాడు చెప్పేదానికి మీకెందుకండీ జీతం?”

కానిస్టేబుల్ దగ్గు తెచ్చుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఫ్రిజ్‌లో విషం తగ్గిందా?” అంది గడియారం.

“లేదు. విషానిది ఎర్రమూత సీసా ఒకటే ఉండాలి, ఉంది. గీత వరకూ నిండుగా ఉంది. డైరెక్టర్ గారే వచ్చి చూసి చెప్పారు. అంటే వీడు బయటినుంచి వేరే ఏదో తెచ్చి కలిపాడు. కాఫీ కప్పు పరీక్షకి పంపాం. పదిహేను రోజుల్లో తెలుస్తుంది.”

“పదిహేను రోజులా! నాలుగింటికి మనిషిని పంపించేస్తున్నారు.”

“ఆ మనిషి శుక్రవారమే పోయిందండీ. మిగిలింది కాగితం పని.”

గడియారం పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసింది. కోపం వచ్చినప్పుడు ఆమె చేసే పని అదే. లేకపోతే ఆ పెన్ను ఎక్కడ గుచ్చుతుందో ఆమెకే తెలియదు. టెక్నీషియన్ వైపు తిరిగింది.

“శుక్రవారం పొద్దున్న మీ మేడమ్ ఎలా ఉంది? వచ్చినప్పట్నుంచీ చెప్పు.”

“తొమ్మిదింటికి వచ్చారమ్మా. నేనూ అప్పుడే వచ్చాను. బుధవారం సాయంత్రం ఐదింటి నుంచి సెలవులో ఉన్నాను కదా, పన్ను పీకించుకోడానికి.” నోరు తెరిచి చూపించబోయాడు. ఆమె వద్దని చెయ్యి ఊపింది. “మేడమ్ ఎడమ కన్ను రెప్ప వేలితో పైకెత్తి పట్టుకుని చూస్తున్నారు. నిద్ర లేదేమో అనుకున్నా. మాట ముద్దముద్దగా వచ్చింది. పంటి నొప్పి నాకైతే మాట మీకు పోయిందేంటి మేడమ్ అని నవ్వాను కూడా.” బేడీల చేతులతోనే మొహం తుడుచుకున్నాడు. “నవ్వానమ్మా.”

గడియారం చేతిలో పెన్ను ఆగింది. ఈ ముద్దముద్ద మాట ఆమె ఇదివరకే విన్నది. నిన్న చెల్లెలు చెప్పింది. గురువారం సాయంత్రం ఏడూ పదికి ఫోన్ చేస్తే అక్క మాట తడబడిందనీ, చేతిలో ఫోను రెండుగా కనిపిస్తోందే అందనీ, పడుకో అక్కా అని తనే ఫోన్ పెట్టేశాననీ చెప్పి ఏడ్చింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, గురువారం ఏడూ పదికే మాట తడబడితే, శుక్రవారం కాఫీకి ఏం సంబంధం?”

“అలసటై ఉంటుంది.”

“ముందు కళ్లు. తర్వాత మాట. తర్వాత మింగుడు పడక కాఫీ ముక్కులోంచి రావడం. ఆఖరికి ఊపిరి. మెట్లు దిగినట్టు పైనుంచి కిందికి దిగింది. పది నిమిషాల్లో దిగిందా ఇదంతా?”

ఇన్‌స్పెక్టర్ ఫైలు తిరగేశాడు. ఆ సమయానికి తలుపు తెరుచుకుని డైరెక్టర్ రావడంతో బతికిపోయాడు.

డైరెక్టర్ ఇస్త్రీ నలగని మనిషి. గొంతు మెత్తన. మూడు రోజులుగా ఆసుపత్రిలో రోజుకో గంట సైంటిస్టు పక్కనే కూర్చుంటున్నాడనీ, అంత పెద్దాయనకి ఎంత మంచి మనసోననీ నర్సులు చెప్పుకుంటున్నారు.

“ఇంకా అవలేదా?” అన్నాడు. “నేను ఆసుపత్రికి వెళ్లాలి. ఆఖరి నిమిషంలో ఆ పిల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.”

“ఒక్క ప్రశ్నండీ,” అంది గడియారం. “ఈ ల్యాబులోకి మీరు ఆఖరిసారి ఎప్పుడొచ్చారు?”

“శనివారం వీళ్లతో వచ్చాను, సీసా చూడ్డానికి. అంతకుముందంటే రెండేళ్లయిందమ్మా. పై గదిలోనే నా పని. వారం వారం గ్రాఫులు పైకి వస్తాయి, చూస్తాను.”

“ఆమె దేని మీద పని చేస్తోంది?”

“నరాల మీద. ఒక రకం బాక్టీరియా విషం నరాన్ని ఎలా మూగబోయేలా చేస్తుందన్నది పన్నెండేళ్ల కిందట నేనే కనిపెట్టాను. నరం కొసన కాల్షియం లోపలికి వచ్చే ద్వారాలుంటాయి. విషం వాటిని మూసేస్తుంది. ఆ పనినే ఆవిడ ముందుకు తీసుకెళ్తోంది.” చేతి గడియారం చూసుకున్నాడు. “వస్తాను.”

రెండూ ఇరవై ఎనిమిదికి తలుపు మూసుకుంది. గడియారం రాసుకుంది. తలెత్తి చూస్తే టెక్నీషియన్ మొహం జేవురించి ఉంది. సంకెళ్లలో ఉన్నవాడికి భయం ఉండాలి. ఇతనిలో కోపం కనిపిస్తోంది.

“ఏంటయ్యా?”

“అబద్ధమమ్మా,” అన్నాడు. “ముందుకు తీసుకెళ్లడం కాదు. సార్ చెప్పింది తప్పని మేడమ్ వీడియోలు తీసి మరీ తేల్చారు. బుధవారం మధ్యాహ్నం పై గదికెళ్లి ఆ మాటే చెప్పారు. గంట తర్వాత కళ్లెర్రజేసుకుని దిగొచ్చారు. సార్ ఒప్పుకోకపోతే నేనే పత్రికకి రాస్తానన్నారు.”

“ఈ మాట శుక్రవారమే ఎందుకు చెప్పలేదు?”

“చెప్పానమ్మా! ఎవరు విన్నారు? నోర్మూసుకుని కాఫీ సంగతి చెప్పమన్నారు.”

గడియారం ఇన్‌స్పెక్టర్ కేసి చూసింది. ఆయన టోపీ సర్దుకున్నాడు.

“బేడీలు తీయండి. ఇతను నాకు ఆ వీడియోలు చూపించాలి.”

“కుదరదు.”

“కుదరకపోతే, సాక్షి చెప్పింది రాసుకోలేదని రేపు కోర్టులో నేను చెప్తాను. ఏ రోజు, ఏ గంటకి అన్నది కూడా చెప్తాను. నిమిషాల దగ్గర నాతో పెట్టుకోకండి.”

బేడీలు ఊడాయి. ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరుకుంటూ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

టెక్నీషియన్ తెర వెలిగించాడు. వేళ్లు మీటల మీద తడబడలేదు. తెర మీద నల్లటి నేపథ్యంలో సన్నటి దారాల్లాంటి నరాలు.

“ఇది మామూలు డిష్షమ్మా, నరాలు పెంచే గాజు పళ్లెం, విషం వెయ్యనిది. ఇప్పుడు చిన్న కరెంటు ఇస్తాం. చూడండి.” దారాల కొసలు పచ్చగా వెలిగాయి. “కాల్షియం లోపలికొచ్చింది. వస్తే వెలిగే రంగు వేస్తాం. అది రాగానే నరం కొసనున్న చిన్న సంచులు పగిలి కబురు బయటపడుతుంది. కబురు అందితే పక్కనున్న కండ కదులుతుంది.” తెర మీద ఇంకో గడిలో కండ ముక్క టక్కున ముడుచుకుంది. “ఇప్పుడు విషం వేసింది. ఎర్రమూత సీసాలోది.”

కొసలు పచ్చగా వెలిగాయి. ముందు వెలిగినంతా వెలిగాయి. కండ మాత్రం కదల్లేదు.

“ద్వారాలు మూసుకోలేదు,” అంది గడియారం నెమ్మదిగా.

“మూసుకోలేదమ్మా! అదే మేడమ్ చెప్పింది. కాల్షియం వస్తుంది. నరం బతికే ఉంటుంది, చెప్పాల్సింది చెప్తుంది. విషం చేసేదల్లా సంచుల్ని గోడకి పట్టి ఉంచే కొక్కేన్ని తెంచడమే. కబురు లోపలే ఉండిపోతుంది. వట్టి వెలుగే చూస్తే విషం వేసినదానికీ వెయ్యనిదానికీ తేడా తెలీదు. అందుకే ఏడు వారాల కిందట మేడమ్ ఈ కండని కలిపారు. రెండో కెమెరా పెట్టించారు.”

“ఇది డైరెక్టర్‌కి తెలుసా?”

“పైకెళ్లే గ్రాఫులో వెలుగు గీత ఒక్కటే ఉంటుందమ్మా. కండ సంగతి లెక్క మొత్తం తేలాక చూపిస్తానన్నారు. ఆయన కిందికొస్తేగా తెలిసేది.”

“పోయిన వారం తీసినవన్నీ వరసగా పెట్టు. ఎర్రమూతవే.”

సోమవారం. వెలుగు ఉంది, కండ కదల్లేదు. మంగళవారం అంతే. బుధవారం పొద్దున తొమ్మిదింటికి విషం వేసి, మూడింటికి తీసింది. కండ కదల్లేదు. గురువారం తొమ్మిదింటికి వేసి, మూడింటికి తీసింది. అది సైంటిస్టు ఒక్కతే చేసింది.

కండ ముడుచుకుంది.

టెక్నీషియన్ కుర్చీలోంచి లేచిపోయాడు. “అదెలా?” మళ్లీ వేశాడు. మళ్లీ ముడుచుకుంది. “ఎర్రమూత సీసాలో విషం లేదమ్మా. వట్టి నీళ్లున్నాయి!”

“ఆమె రాసుకోలేదా?”

నోటు పుస్తకం గురువారం పేజీ దగ్గర తెరిచారు. *ఎర్రమూత డిష్షులో కండ కదిలింది. రేపు మళ్లీ చూడాలి.* అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కింది వాక్యం పై వాక్యంలో దూరిపోయింది. పక్క పేజీలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికే ఆమెకి గీతలు రెండుగా కనపడ్డం మొదలైంది.

గడియారం పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసింది. తన విషం తన ఒంట్లో పని చేస్తుంటే, ఆ మనిషి కళ్లు చిట్లించుకుని సీసాలో తేడా రాసుకుంది. ఆమె పుస్తకం ఆమె బల్ల మీదే ఉంటే మూడు రోజులుగా ఒక్కడూ తెరవలేదు.

“బుధవారం తొమ్మిదింటికి సీసాలో విషముంది. గురువారం తొమ్మిదింటికి లేదు,” అంది. “మధ్యలో ఎవడో తీసి, గీత వరకూ నీళ్లు పోసి పెట్టాడు. వెలుగు గీత మారదు కాబట్టి ఎవరికీ తెలీదనుకున్నాడు. కండ సంగతి వాడికి తెలీదు. ఇన్‌స్పెక్టర్ గారూ, తలుపు కార్డుల లిస్టు ఏదీ?”

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు.

“ఇది శుక్రవారానిది,” అంది గడియారం.

“మనిషి పడింది శుక్రవారం కదండీ.”

“బండి పట్టాలు తప్పిన స్టేషన్లో వెతికితే సరిపోతుందా? పట్టాల మీట ఎక్కడ మార్చారో వెనక్కెళ్లి చూడొద్దూ!” ఆమె గొంతు వరండా దాకా వెళ్లింది. “బుధ, గురువారాలవి తీయించండి! ఇప్పుడే! నడవండి!”

ఆయన నడిచాడు. నిజానికి పరిగెత్తాడు. నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చాడు. కాగితంలో ఒక వరస మీద వేలు పెట్టి అందించాడు.

గురువారం. ఏడూ నలభైకి డైరెక్టర్ లోపలికి. ఏడూ యాభై రెండుకి బయటికి. ఎనిమిదీ ముప్పై ఐదుకి సైంటిస్టు. ముందురోజు సాయంత్రం నుంచి మధ్యలో ఇంకెవరూ లేరు.

“రెండేళ్లుగా రాలేదన్నాడే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఫ్రిజ్ తాళంచెవులు మూడమ్మా,” అన్నాడు టెక్నీషియన్. “నాదీ, మేడమ్‌దీ, సార్‌దీ.”

గడియారం వరండాలోకి వెళ్లింది. తలుపు పక్కన చెక్క అర ఉంది. ల్యాబు లోపల తినకూడదు, తాగకూడదు కాబట్టి అందరి మంచినీళ్ల సీసాలూ అక్కడే పెడతారు. రంగు టేపు మీద ఎవరిది వారు గుర్తు పెట్టుకుంటారు. నీలం టేపు సీసా ఇంకా అక్కడే ఉంది, అడుగున వేలెడు నీళ్లతో.

“మేడమ్‌దమ్మా,” అన్నాడు టెక్నీషియన్. “రోజూ సాయంత్రం నేనే కడిగి నింపి వెళ్తాను. ఆ బుధవారం కూడా నింపే వెళ్లాను. గురువారం నేను లేను, శుక్రవారం ఈ గొడవ. ఎవరూ కడగలేదు.”

“ముట్టుకోకండి. సీలు వెయ్యండి,” అంది కానిస్టేబుల్‌తో. హంతకుడు దొరికాడు. ఎవరో ఏంటో చెల్లెలికి చెప్పొచ్చు. కానీ ఏదో మిగిలిపోయింది. తెర మీద పచ్చగా వెలిగిన ఆ కొసలు కళ్లముందునుంచి పోవడం లేదు. నరం బతికే ఉంటుంది, చెప్పాల్సింది చెప్తుంది.

“ఏమయ్యా, ఈ విషం మెదడుని ఏం చేస్తుంది?”

“మెదడుకేం కాదమ్మా. కండకి వెళ్లే నరాల కొసలనే పడుతుంది. మనిషికి అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి. వేలు కూడా కదపలేరు, అంతే...”

అతను సగంలో ఆగిపోయాడు. 

గడియారం చెల్లెలికి ఫోన్ కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. ఐసీయూ బయట ఫోన్లన్నీ పళ్లెంలో పెట్టించుకుంటారు. ఆసుపత్రి నంబరు కొట్టింది. వేచి ఉండమని యంత్రం చెప్పింది. టైము మూడూ ఇరవై రెండు.

“జీపు తియ్యండి!” అని అరిచింది.

దారంతా ఇన్‌స్పెక్టర్ సైరన్ ఆపలేదు. ఒక్కసారి మాత్రం, “నేను కాగితం పని అన్నాను,” అన్నాడు తనలో తనే. ఆమె చేతి గడియారమే చూస్తోంది.

మూడూ నలభై నాలుగుకి ఐసీయూ తలుపు తోసుకుని వెళ్లేసరికి చెల్లెలు మంచం పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, చేతిలో పెన్ను.

“సంతకం పెట్టావా?”

“పెట్టబోతున్నా. ఎవరండీ? తెలిసిందా?”

“పెన్ను పారెయ్. మీ అక్క బతికుంది.”

డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. “ఎవరమ్మా మీరు? ఇలా ఆశలు పెట్టడం పాపం. కళ్లలో లైటు వేశాం, పాపలు కదల్లేదు. గొంతులో గొట్టం కదిపాం, దగ్గు రాలేదు. కాలు గిచ్చాం. యంత్రం ఆపి చూశాం, ఊపిరి తీసుకోలేదు. రెండుసార్లు చూశాం.”

“కనుపాప కండే. దగ్గు కండే. కాలు కండే. ఊపిరి కూడా కండే!” గడియారం ఒక్కో వేలూ మడిచింది. “మీరు అడిగిందంతా కండల్నే. మెదడుని ఒక్కరైనా అడిగారా? ఆమె ఒంట్లో ఉన్నది కబురు ఆపేసే విషం డాక్టరు గారూ. లోపల అరుస్తున్నా బయటికి రాదు.”

డాక్టరు రంగు మారింది. “ఆ అనుమానం నాకూ వచ్చింది. శనివారమే అడిగాను. సీసా నిండుగా ఉంది, చుక్క కూడా పోలేదని డైరెక్టర్ గారే...” మాట మింగేసి నర్సు వైపు తిరిగాడు. “మెదడు తరంగాల యంత్రం తీసుకురా. పరిగెత్తు! విరుగుడు మందు ఎక్కడ దొరుకుతుందో ఫోన్ చెయ్యి. పట్టుకున్న విషాన్ని అది వదిలించలేదు, ఇంకా పట్టుకోనిదాన్ని ఆపుతుంది. నెలలు పడుతుంది, కానీ నరాలు మళ్లీ మొలుస్తాయి.”

తల చుట్టూ తీగలు అంటించారు. తెర ఒక్క క్షణం ఖాళీగా ఉంది. తర్వాత గీతలు మొదలయ్యాయి. చిన్నగా, వేగంగా, ఆగకుండా.

“ఇది నిద్ర కూడా కాదు,” అన్నాడు డాక్టరు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. “మెలకువ.”

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని భోరుమంది. “మూడు రోజులు! ఇక్కడే నిలబడి యంత్రం తీసేయడం గురించి మాట్లాడుకున్నామే! అన్నీ వింటూనే ఉన్నావా అక్కా!”

“ఈ గదిలో ఇంకెవరు మాట్లాడారు?” అంది గడియారం.

“డైరెక్టర్ సార్. రోజూ గంటసేపు, ఒక్కరే. నన్ను బయట కూర్చోమని, చెవి దగ్గర వంగి ఏదో చెప్తుండేవారు. దీవిస్తున్నారేమో అనుకున్నా.” కళ్లు తుడుచుకుంది. “ఇప్పుడే కిందికెళ్లారు. కారు తలుపు దగ్గరికి తెప్పిస్తానని.”

కర్టెన్ వెనక అడుగుల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ గోడ పక్కకి జరిగాడు. నడుము దగ్గర బేడీల మీద చెయ్యి వేశాడు.

“ఇంకా ఆలస్యం దేనికమ్మా?” అంది ఆ మెత్తని గొంతు బయటి నుంచే. “సంతకం పెట్టేయ్. ఆవిణ్ని ఇంకా బాధపెట్టకు.”

మంచం మీద ఏదీ కదల్లేదు. రెప్ప కదల్లేదు, వేలు కదల్లేదు. తెర మీద గీతలు మాత్రం ఒక్కసారిగా చెలరేగాయి. ఒకదాన్ని ఒకటి తన్నుకుంటూ అంచుల దాకా ఎగిరాయి. ఆ గొంతు ఆగేదాకా అవి కిందికి దిగలేదు.

గడియారం వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

“వాడు చెప్పినవన్నీ గుర్తుంచుకోండి,” అంది. “ఒక్క మాట పోకూడదు. ఎన్నాళ్లైనా సరే, వేలు కదిలేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను.”

తర్వాత నోటుబుక్కు తెరిచి టైము రాసుకుంది. మూడూ యాభై ఏడు.